తారీఖు మీద లై

పోయిన వానాకాలం మా ఇంట్లో రేకుపెట్టెకు చెదలు పట్టాయి. రేకుపెట్టెకు చెదలేమిటని మీరు నవ్వొచ్చు. నేనూ ఆ ధీమాతోనే ఏళ్ల తరబడి దాన్ని తెరవలేదు. కింద పెట్టిన చెక్కపీట మీదుగా ఎక్కి, తుప్పుపట్టి చిల్లుపడ్డ మూలనుంచి లోపలికి పోయి, నా పెళ్లి ఫోటోలు, టీచర్ ట్రైనింగు సర్టిఫికెట్లు, సన్మానాల్లో కప్పిన శాలువాలు, అబ్బా, అంటే మా నాన్న, దాచిపెట్టుకున్న ఉత్తరాలు, అన్నిటినీ మట్టి చేసి కూర్చున్నాయి. ఏడుపు రాలేదు గానీ కోపం బాగా వచ్చింది. చీపురు పట్టుకుని అంతా బయటికి ఊడుస్తుంటే అట్టడుగున గట్టిగా ఏదో తగిలింది. గళ్ల అట్ట ఉన్న పొడుగాటి పుస్తకం. పైన మట్టి దులిపి తెరిచాను. ఒక్క పేజీకి చిల్లు లేదు. చుట్టూ ఉన్నదంతా తిన్న చెదలు ఆ పుస్తకం జోలికి పోలేదు. పేజీల అంచుల్లో అక్కడక్కడా లేత నీలం మరకలు చూసేసరికి సంగతి అర్థమైంది. మైలుతుత్తం. మా దాదీ, అంటే మా అబ్బా తల్లి, లై ఉడికించేటప్పుడు పురుగు పట్టకుండా చిటికెడు వేసే మైలుతుత్తం. ఆ నీలం మరకల్ని వేలితో తడుముతూ అక్కడే నేలమీద చతికిలబడ్డాను.

లై అంటే మైదాపిండి ఉడికించిన జిగురు. మా ఇంట్లో పొద్దున చాయ్ కన్నా ముందు పొయ్యెక్కేది అదే. భద్రాచలానికి దిగువన, గోదావరి ఒడ్డున, ముప్పై ఇళ్ల మా గల్లీలో మాది పేపరు కవర్లు చేసే ఇల్లు. బోనకల్‌లో మా అమ్మ తమ్ముడు పాత పేపర్లు కట్టలు కట్టి పంపేవాడు. అబ్బా వాటిని కత్తితో సగాలు చేసేవాడు. దాదీ, అమ్మ, నేను మడతలు పెట్టి, లై రాసి, కవర్లు చేసేవాళ్లం. అవి ఎండాక అబ్బా సైకిల్ మీద కట్టుకుని కిరాణా దుకాణాలకు, ములకలపల్లి సంతకు వేసి వచ్చేవాడు. అడవి పల్లెలనుంచి ఇప్పపువ్వు, చీపుర్లు తెచ్చి అమ్ముకునే ఆడవాళ్లు మా కవర్లలోనే ఉప్పు, ఎండుమిరపకాయలు పోయించుకుని పోయేవాళ్లు. ఇల్లంతా పుల్లటి పిండి వాసన, సిరా వాసన. మా చేతివేళ్లు ఎప్పుడూ నల్లగానే ఉండేవి. పండగనాడు ఎంత రుద్ది కడిగినా గోళ్ల సందుల్లో ఎవరో ఒక మంత్రిగారి ప్రకటన మిగిలిపోయేది.

దాదీకి చదువు రాదు. కానీ ఆమె మడత పెడితే గీత గీసినట్టుండేది. ఆమెకొక పద్ధతి ఉంది. పేపర్లో పైఅంచున అక్షరాలు తక్కువగా, తెలుపు ఎక్కువగా ఉంటుంది కదా, లై ఎప్పుడూ ఆ పైఅంచుకే రాసేది. "సిరా ఉన్నకాడ లై పట్టది, తెల్లగున్నకాడ పడ్తది" అనేది. నలభై ఏళ్ల అలవాటు. ఆ చెయ్యి చూసే అమ్మ నేర్చుకుంది, అమ్మ చెయ్యి చూసి నేను నేర్చుకున్నాను. ఆ పైఅంచునే పేపరు తారీఖు ఉంటుందన్న సంగతి మా ముగ్గురిలో ఎవరికీ పట్టలేదు. అమ్మకూ దాదీకీ చదువు లేక పట్టలేదు. చదువొచ్చిన నాకెందుకు పట్టలేదంటే, నా కళ్లు ఎప్పుడూ పెద్దక్షరాల మీదే ఉండేవి కాబట్టి.

లోకంలోని కష్టాలన్నీ నాకు ఆ మడతల్లోనే పరిచయమయ్యాయి. సముద్రం ఒడ్డున ఉప్పెన వచ్చి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన వార్త సగం కవరు మీద చదివి, మిగతా సగం కోసం మూడురోజులు కట్టలన్నీ తిరగేశాను. పాలమూరు కరువులో పశువులను తోలుకుని వలసపోయే వాళ్ల ఫోటో చూసి అన్నం తినలేదు. ఎక్కడో భూకంపం వచ్చి బడి కూలితే, ఆ పిల్లలు బయటికొచ్చారో లేదో తెలియకుండానే ఆ కాగితంలో పావుకిలో శనగపప్పు పోసి ఎవరికో ఇచ్చేశారు. ఆ పిల్లల మాట ఇప్పటికీ గుర్తొస్తుంది. వాళ్ల ఇళ్లలో కన్నీళ్లు ఆరిపోయిన ఎన్నో నెలలకు నేనిక్కడ ఏడ్చేదాన్ని. అమ్మ విసుక్కునేది. "నువ్వు ఏడ్సినకొద్దీ లై పల్చనైతుంది, కొద్దిగ అవతల కూసొని ఏడ్వు" అనేది.

నాకు పన్నెండేళ్లప్పుడు అయిన అవమానం సంగతి ఇప్పుడు చెబుతాను. వానాకాలం. గోదావరి ఎర్రగా, నిండుగా పోతోంది. పొద్దున బోనకల్ నుంచి కొత్త కట్ట దిగింది. విప్పి మడత పెడుతుంటే పెద్దక్షరాలు కనబడ్డాయి. భద్రాచలం వద్ద మూడో ప్రమాద హెచ్చరిక, లోతట్టు ప్రాంతాల ప్రజలు వెంటనే ఖాళీ చేయాలి. కట్ట పొద్దున దిగింది, కాబట్టి వార్త కూడా పొద్దుటిదే అనుకున్నాను. లై తడితో ఉన్న కవరును చేతిలో పట్టుకుని గల్లీ అంతా అరుచుకుంటూ పరుగెత్తాను. "నీళ్లొస్తున్నయ్! పేపర్ల పడ్డది! ఖాళీ చెయ్యమన్నరు!" నది పక్కనే బతికేవాళ్లకు ఆ మాట చాలు. మంచాలు లేచాయి, మేకల తాళ్లు విప్పారు. గల్లీ మొదట్లో చాయ్ హోటల్ నడిపే సత్తయ్య, కాగుతున్న పాలు పారబోసి, గాజు సీసాల అల్మారా ఎత్తబోయి, సగం సీసాలు నేలపాలు చేసుకున్నాడు.

మా ఇంట్లో ఒక గది కిరాయికి తీసుకుని రాజయ్య మామ ఉండేవాడు. కొత్తగూడెం బొగ్గుబాయిలో పనిచేసి దిగిపోయినవాడు, భార్య చనిపోయాక చెల్లెలి ఊరని ఇక్కడికి వచ్చాడు. ఏ పనికీ తొందరపడేవాడు కాదు. గల్లీ అంతా తలకిందులవుతుంటే ఆయన మెల్లగా వచ్చి నా చేతిలోని కవరు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, లై అంటిన అంచును గోటితో మెల్లగా లేపాడు. కింద తారీఖు ఉంది. మూడేళ్ల కిందటిది.

"బిడ్డా, గిది పాతది" అన్నాడు అంతే. సత్తయ్య వదల్లేదు. పగిలిన సీసాల మధ్య నిలబడి, "ఖాదర్ భాయ్, నీ బిడ్డకు సదువు నేర్పినవా, సావు కబురు నేర్పినవా?" అని అబ్బాను అందరి ముందూ అడిగాడు. అబ్బా తల వంచుకున్నాడు. ఆ వంగిన తలను నేను చూశాను. ఆ రోజునుంచి గల్లీలో నా పేరు జరీనా కాదు, పాత పేపరు. "ఏమే పాత పేపరూ, ఇయ్యాల ఏ ఊరు మునిగింది?" అని పెద్దలు, పిల్లలు తేడా లేకుండా అడిగేవాళ్లు. నేను ఏం చెప్పినా నవ్వేవాళ్లు. బావి దగ్గర పాము కనబడిందన్నా నవ్వారు. పాము నిజంగానే ఉంది, అది వేరే సంగతి.

ఇక ఇంట్లో కవర్లు చేసేటప్పుడు చదవకూడదని అబ్బా హుకుం. నమ్మకం చాలక, నా ముందు కాగితాలను తలకిందులుగా పేర్చి పెట్టేవాడు. నెల తిరిగేసరికి నేను తలకిందులుగా చదవడం నేర్చుకున్నాను. (ముప్పై రెండేళ్లు టీచర్‌గా పనిచేశాను. ముందు బెంచీ పిల్లలు ఏం రాస్తున్నారో టేబుల్ ఇవతలినుంచే చదివేదాన్ని. ఆ విద్య ఎక్కడిదని హెడ్‌మాస్టర్లు ఆశ్చర్యపోయేవాళ్లు.) కానీ చదివింది ఎవరికీ చెప్పలేకపోయేదాన్ని. కడుపులో మాట ఉండి, చెబితే నవ్వుతారని నోరు మూసుకోవడం పన్నెండేళ్ల పిల్లకు ఎంత కష్టమో నాకు తెలుసు. రాత్రి పగలు ఒకటే కోరిక. నా మాటను ఎవరైనా మళ్లీ మాటలా వినాలి. ఒక్కసారైనా, ఒక్కరైనా.

ఒకరు విన్నారు. ఒకరోజు పొద్దున దాదీ లై గిన్నె ముందు కూర్చుని, చాలాసేపు కాగితాన్ని చూస్తూ ఉండిపోయింది. నన్ను పిలిచి, "తారీఖు ఏడుంటదే?" అని అడిగింది. చూపించాను. ఆ గీత మీద వేలు ఆనించింది. "గా తప్పు నీది కాదే పోరీ. నా లైది" అంది. ఆ రోజునుంచి ఆమె మడత మార్చింది. పైఅంచు వదిలేసి కిందిఅంచుకు లై రాయడం మొదలుపెట్టింది. చెప్పినంత తేలిక కాదది. నలభై ఏళ్లుగా ఒక వైపే తిరిగిన చెయ్యి. మొదటి వారమంతా కవర్లు వంకర పోయాయి, కొన్ని తెరుచుకుని ఉప్పు కారిపోయిందని దుకాణాలవాళ్లు తిరిగి పంపించారు. అబ్బా గొణిగితే, "పిల్ల తారీఖు చూడాలె" అని ఒకే మాట అంది. పిసరంత చదువు లేని ఆమె, నా కోసం తన చేతిని మళ్లీ బడికి పంపింది. నన్ను అంతగా ప్రేమించినవాళ్లు మరెవరైనా ఉన్నారేమో గానీ, ఇంత కష్టపడి ప్రేమించినవాళ్లు లేరు.

అంతేకాదు, గోదావరి వార్త ఎక్కడ కనబడినా కత్తిరించుకోవడానికి దాదీ సెలవిచ్చింది. రాజయ్య మామ తన పెట్టెలోంచి గళ్ల అట్ట ఉన్న పెద్ద పుస్తకం ఒకటి తీసిచ్చాడు. బాయిలో హాజరు వేసుకునే పుస్తకమట, పేజీలన్నీ ఖాళీ. అందులో లై పెట్టి అంటించేదాన్ని, తారీఖు పైకి కనబడేలా. దాదీ పక్కన కూర్చుని, "ఇదేనా నీ తారీఖు? దాని మీద పడనియ్యకు" అని కాపలా కాసేది. రెండు వానాకాలాలు గడిచేసరికి సగం పుస్తకం నిండింది. ఒక దగ్గర పెట్టి చూస్తే ఆ ముక్కలు విడివిడిగా చెప్పని సంగతులు చెప్పాయి. ఎగువన ఇంద్రావతి పొంగిందని ఒకనాడు పడేది. పేరూరు దగ్గర నీటిమట్టం పెరిగిందని ఆ వెంటనే. భద్రాచలంలో హెచ్చరిక మర్నాడో, ఆ మర్నాడో. ప్రతిసారీ అదే వరస. ఇంకొకటి కూడా ప్రతిసారీ ఉండేది, చిన్నక్షరాల్లో, చివరి వాక్యంగా. వాగులు ఎదురెక్కడంతో రోడ్డు మీదికి నీరు చేరి రాకపోకలు నిలిచిపోయాయి. ఊరు మునగడానికి ముందే దారి మునిగేదన్నమాట. ఊళ్లోవాళ్లంతా ఎదురుగా ఉన్న రేవును చూస్తూ కూర్చుంటే, గోదావరి వెనక వాగులోంచి వచ్చి తలుపు వేసేది.

అదే పుస్తకంలో చివరి పేజీన ఒక చిన్న ముక్క ఉంది. గోదావరి వార్త కాదది. లోపలి పేజీలో చుట్టూ గీతలు గీసి, డబ్బీ కట్టి వేశారు. భూమి మెల్లగా వేడెక్కుతోందట, ఎక్కడో మంచు కరుగుతోందట, ముందుముందు వానలు తీరు తప్పుతాయట. మంచు అంటే నేను ఎరిగింది పొద్దున పొగమంచే. దానికీ మా గల్లీకీ ఏం సంబంధమో తెలియలేదు. పారెయ్యడానికి మనసొప్పక, ఏ వరసలోనూ ఇమడక, చివర అంటించాను. దాదీకి చదివి వినిపిస్తే, "మృగశిర వాన మృగశిరల పడకపోతే గప్పుడు సూద్దాం" అంది.

నాకు పద్నాలుగు నడుస్తుండగా వచ్చిన వానాకాలంలో నాలుగు రోజులు ముసురు వదలలేదు. గోదావరి రెండో హెచ్చరిక దాటింది. మా వాళ్లకు అది కొత్త కాదు. సత్తయ్య రోజూ రేవుకు పోయి నీళ్లలో మునగని మెట్లు లెక్కపెట్టి వచ్చేవాడు. చివరి మూడు మెట్లు మిగిలినప్పుడు మూటలు కట్టడం గల్లీ ఆనవాయితీ. ఆ రోజు పొద్దున, "ఇంక తొమ్మిది మెట్లున్నయ్, చాయ్ తాగుండ్రి" అని హోటల్లో చెబుతున్నాడు. రాజయ్య మామ రేడియోలో ప్రాంతీయ వార్తలు పెట్టాడు. ఇంద్రావతి పొంగింది. పేరూరు దగ్గర గంటగంటకూ నీరు పెరుగుతోంది. నేను లోపలికి పోయి పుస్తకం తెరిచాను. అదే వరస. రేవు వైపు పోలేదు, ఇళ్ల వెనక కల్వర్టు దగ్గరికి పరుగెత్తాను. మా గల్లీకి బయటి లోకానికి ఉన్న దారి అదొక్కటే. దాని అవతల మిట్ట, మిట్ట మీద బడి. కల్వర్టు కింద వాగు ఎప్పుడూ గలగలమని గోదావరి వైపు పోతుండేది. ఆ రోజు చప్పుడు లేదు. నీళ్ల మీద గడ్డి, ఆకులు, ఒక పాత చెప్పు కదలకుండా నిలబడి ఉన్నాయి. చూస్తుండగానే ఒక గడ్డిపరక మెల్లగా తిరిగి, వాగు ఎక్కడినుంచి వచ్చిందో అటు పోవడం మొదలుపెట్టింది.

గల్లీలోకి పరుగున వచ్చాను, కానీ సత్తయ్య హోటల్ దగ్గరికి రాగానే కాళ్లు ఆగిపోయాయి. నోరు తెరిస్తే ఏమంటారో నాకు తెలుసు. చెప్పకుండా ఊరుకుంటే ఏమవుతుందో కూడా తెలుసు. సిగ్గుతో ఆ నాలుగు అడుగులు వేయలేక ఇంటికి పోయి దాదీ ముందు నిలబడ్డాను. వాగు సంగతి చెప్పాను. ఆమె ఒక్కటే అడిగింది.

"తారీఖు చూసినవా?"

"చూసిన దాదీ. రేడియోల ఇయ్యాల్టిదే. వాగు ఇప్పుడే సూసొచ్చిన."

"సరే నడువు."

లై అంటించని కవరు ఒకటి చేతిలోకి తీసుకుంది. కర్ర పట్టుకుని ముందు సత్తయ్య హోటల్‌కు పోయింది. "సత్తయ్యా, లేవు. వాగుకాడికి పోదాం రా."

"ఏంది బూబమ్మా, మళ్ల పాత పేపరు సదివిందా?"

"సదివింది. నువ్వు లేస్తవా, నేను లేపాల్నా?"

దాదీ ఆ గొంతుతో మాట్లాడటం ఎవరూ ఎరగరు. సత్తయ్య లేచాడు, చాయ్ తాగుతున్న పదిమందీ తమాషా చూద్దామని వెంట వచ్చారు. కల్వర్టు మీద నిలబడి దాదీ ఆ కాగితం కవరును నీళ్లలోకి వదిలింది. అందరూ దాన్నే చూస్తున్నారు. గోదావరి వైపు పోవాల్సిన కవరు కాసేపు అక్కడక్కడే ఊగింది. తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి, మా కాళ్ల కిందినుంచి, అడవి వైపు ప్రయాణం కట్టింది. ఎవరూ నవ్వలేదు. రాజయ్య మామ అన్నాడు, "బాయిల గూడ గింతే సత్తన్నా. నీళ్లు ముందల్నుంచి వస్తయని సూస్తుంటం. అవి ఎనకనుంచి వచ్చి దారి మూస్తయ్. పిల్ల చెప్పింది నిజం. ఉన్న దారి గీ పూటకే."

సత్తయ్య నా ముఖంలోకి చూశాడు. రెండేళ్లలో మొదటిసారి నన్ను ఒక మనిషిలా చూసి అడిగాడు. "ఎంతసేపున్నది బిడ్డా?"

"సాయంత్రం దాకా ఉండదు మామా. పేపర్ల ఎప్పుడూ రోడ్డే ముందు పోయింది."

అంతే. ఆ తర్వాత గల్లీని లేపింది నేను కాదు, సత్తయ్య. పాలగిన్నె మీద గరిటెతో కొట్టుకుంటూ ఇంటింటికీ తిరిగాడు. "పాత పేపరు చెప్పింది, లేవుండ్రి! నేను కండ్లతోటి సూసొచ్చిన!" ముసలివాళ్లను మంచాల మీద, బాలింతను రాజయ్య మామ తెచ్చిన ఎడ్లబండి మీద దాటించారు. మేకలు, బియ్యం, మా కాగితం కట్టలు, చివరికి సత్తయ్య అల్మారా కూడా దాటింది, ఈసారి ఒక్క సీసా పగలకుండా. పొద్దు వాలి అసర్ నమాజు వేళకు కల్వర్టు మీద మోకాలి లోతు నీళ్లు. దీపాలు పెట్టే వేళకు కల్వర్టు కనబడలేదు. మర్నాడు పొద్దున మిట్ట మీద బడి వరండాలోంచి చూస్తే మా గల్లీలో పైకప్పులు మాత్రమే ఉన్నాయి, వాటి మధ్య ఎర్రటి నీళ్లు సుడులు తిరుగుతున్నాయి. ముప్పై ఇళ్ల మనుషులం లెక్కపెట్టుకున్నాం. అందరం ఉన్నాం. ఒక కోడిపెట్ట తప్ప, అదీ ఎంత పిలిచినా చూరు దిగక. సత్తయ్య బడి పొయ్యి మీద చాయ్ కాచి మొదటి గ్లాసు తెచ్చి నా చేతికిచ్చాడు. "తీస్కో, జరీనా" అన్నాడు. నా పేరు అంత బాగుంటుందని అప్పటివరకూ నాకు తెలియదు. అబ్బా పక్కనే ఉన్నాడు. తల ఎత్తుకుని ఉన్నాడు.

ఆ వరద తగ్గి, ఇళ్లలో ఒండ్రు ఎత్తిపోసుకుని, మళ్లీ కవర్లు మొదలుపెట్టిన కొన్ని నెలలకు బోనకల్ కట్టలో మా గల్లీ ఫోటో వచ్చింది. దాదీయే పట్టుకుంది. పైకప్పులను గుర్తుపట్టి, "చదువు చదువు" అని తొందరపెట్టింది. చదివాను. గ్రామస్థులు ముందుజాగ్రత్తతో సురక్షితంగా బయటపడ్డారు. ఆ ఒక్క వాక్యమే.

"నువ్వేడున్నవ్ గీ కాగితంల?"

"గ్రామస్థులు అన్నరు గద దాదీ. అండ్లున్న."

ఆమెకు నచ్చలేదు. కాసేపు కాగితాన్ని గుర్రుగా చూసింది. తర్వాత ఆ ముక్కను తానే కత్తిరించి, పుస్తకంలో తానే అంటించి, లై గిన్నెలో బొటనవేలు ముంచి పక్కన గట్టిగా అద్దింది. "గిది నా సాక్షం. నా మనవరాలు చెప్పింది, నేను సూసిన" అంది. చెదలు తినని ఆ పేజీలో నీలం గీతలతో ఆ వేలిముద్ర ఇప్పటికీ ఉంది. నాకు చాలా సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. శాలువాలు చెదలు తిన్నాయి.

ఉద్యోగం అంతా ములకలపల్లి మండలంలో అడవి పల్లెల బళ్లలో చేసి, రిటైరయ్యాక ఈ గల్లీకే వచ్చాను. ఇల్లు ఇప్పుడు ఎత్తు పునాది మీద ఉంది. కవర్లు చేసేవాళ్లు ఎవరూ లేరు. వార్త నెలల తర్వాత కాదు, నిమిషంలో అరచేతిలోకి వస్తుంది. అయినా మా గల్లీ మళ్లీ అదే తప్పు చేసింది. చెదల గొడవ జరిగిన వారానికే, ముసురులో ఒక మధ్యాహ్నం, అందరి ఫోన్లలోకి ఒక వీడియో వచ్చింది. ఎగువన ప్రాజెక్టు గేట్లు కొట్టుకుపోయాయని గొంతు, భద్రాచలం బ్రిడ్జి కింద ఉరకలెత్తే గోదావరి. ఆటోలు బయలుదేరాయి, పిల్లల ఏడుపులు మొదలయ్యాయి. ఇప్పుడు హోటల్ నడిపేది సత్తయ్య కోడలు సుజాత. చేతిలో ఫోన్‌తో మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది.

"పెద్దమ్మా, జల్దీ చెప్పు. పోవాల్నా, ఉండాల్నా? మా మామ ఉన్నన్ని దినాలు నీళ్ల సంగతి జరీనానే అడగాలె అనేటోడు."

సత్తయ్య ఆ మాట అనేవాడని నాకు ఆ రోజు దాకా తెలియదు. కళ్లజోడు పెట్టుకుని వీడియో రెండుసార్లు చూశాను. తారీఖు లేదు. ఉండదు కూడా. ఇట్లాంటి వార్తలకు తారీఖు మీదే లై రాస్తారు. గోటితో లేపడానికి కాగితం కాదు కదా అని ఒక్క క్షణం నిరుత్సాహపడ్డాను. మూడోసారి చూసినప్పుడు దొరికింది. "సుజాతా, భద్రాచలంల ఇప్పుడు బ్రిడ్జిలు ఎన్ని?" అన్నాను. "రెండు" అంది. "గీ వీడియోల ఎన్నున్నయ్?" ఆమె ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది. ఒక్కటే ఉంది. పక్కన కొత్త బ్రిడ్జి స్తంభాలు కూడా లేవు. "ఓయమ్మా, గిది పాతదా!" అంది. రాజయ్య మామ అన్న మాటే. నాకు నవ్వొచ్చింది. అయినా నవ్వి ఊరుకోలేదు. అందరినీ కల్వర్టు దగ్గరికి తీసుకుపోయి, ఒక కాగితం వదిలాను. గోదావరి వైపు, కిందికే పోయింది. ఆటోలు తిరిగొచ్చాయి.

మా చిన్నప్పుడు గోదావరి చెప్పి వచ్చేది. ఎగువన పొంగితే ఇక్కడికి ఒక రోజు గడువు ఇచ్చేది. ఇప్పుడు రోహిణిలో ఎండ కాదు, నిప్పు. మృగశిర వట్టిగా పోతుంది. నెల వాన రెండు రోజుల్లో కుమ్మరించి, పేరు కూడా తెలియని ఒర్రెలు, పిల్ల వాగులు ఊళ్లమీద పడుతున్నాయి. మున్నేరు పొంగి ఖమ్మం కాలనీల్లోకి వచ్చినప్పుడు గడువు ఎవరికి దొరికింది? ఏ వరసలోనూ ఇమడలేదని చివర అంటించిన ఆ డబ్బీ వార్త, మొదటి పేజీలో ఉండాల్సిందని ఇప్పుడు తెలుస్తోంది. దాదీ "గప్పుడు సూద్దాం" అన్న కాలం వచ్చేసింది. భయం లేదని చెప్పను, ఉంది. కానీ ఈ గల్లీ చూడటం నేర్చుకుంది. ఆ వీడియో మర్నాటినుంచి సుజాత రోజూ హోటల్ తెరవగానే వాగు దగ్గరికి పోయి చూసి, గల్లీ గ్రూపులో ఒక మెసేజ్ పెడుతోంది. ఎవరూ పెట్టమనలేదు. ఒకరోజు ఎవరో ముందురోజు మెసేజ్‌నే మళ్లీ గ్రూపులో పెడితే, "తారీఖు చూసుకోండి" అని ఎవరో పిల్ల వెంటనే దాని కింద రాసింది.

ఈ పొద్దున నేను మైదాపిండి ఉడికించాను. ఊరంతా వెతికితే ఎరువుల దుకాణంలో మైలుతుత్తం దొరికింది, చిటికెడు వేశాను. సుజాతను పిలిచి, ఆ మొదటి రోజు మెసేజ్‌ను కాగితం మీద దించి తెమ్మన్నాను. తెచ్చింది. పైఅంచున పెద్దగా తారీఖు. కింద, వాగు కిందికే పోతున్నది, రోడ్డు మీద నీళ్లు లేవు, భయం లేదు. ఆ కిందిఅంచుకు లై రాసి, భూమి వేడెక్కుతోందన్న ముక్క ఎదురుగా, తర్వాతి వానాకాలాల్లో నిండిపోయిన ఆ పుస్తకంలో మిగిలిన ఒకే ఒక్క ఖాళీ పేజీలో అంటించాను. సుజాత చేయి పట్టుకుని, బొటనవేలు గిన్నెలో ముంచాను. "ఏంది పెద్దమ్మా గిది?" అని నవ్వింది. "సాక్షం" అన్నాను. "నువ్వు సూసినవు గద. అద్దు."